బండ కింద కందిచేను

మా ఇంటి ముందరి గదిలో ఒక బండను ఎవరూ తొక్కరు. గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తే కుడికాలి కిందికి వచ్చే బండ అది. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, తాండూరులో ఏ ఇంట్లోనైనా ఉండే బూడిదరంగు బండే. అయినా మేమందరం దాని దగ్గరికి రాగానే పక్కకు తప్పుకొని పోతాం. కొత్తగా వచ్చినవాళ్ళు అది చూసి కంగారు పడతారు. కింద పాతబావి ఉందా అని ఒకరు అడిగారు, లంకెబిందెలున్నాయా అని ఇంకొకరు. మా ఆడపడుచు అత్తగారైతే ఏమీ అడక్కుండానే దాని మీద పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుంది. ఆమెను ఆపుదామనే అనుకున్నాను గానీ, అప్పటికి నవ్వు ఆపుకోవడమే నాకు పెద్ద పనైపోయింది.

దాని కింద బావీ లేదు, బంగారమూ లేదు. ఒక బొమ్మ ఉంది. పూతకొచ్చిన కందిచేను, చేను అవతల కోట్‌పల్లి చెరువు, చెరువు వెనక కొండలు. ఆ బండ వెనకవైపు నూనె రంగులతో వేసిన బొమ్మ, నేలకు ముఖం పెట్టి బోర్లా పడుకొని ఉంది. వేసింది మా డ్రాయింగ్ సార్. పోయిన నెల వికారాబాద్‌లో ఆయన చనిపోయారు. ఆ బొమ్మను బొమ్మగా చూసినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే.

వికారాబాద్‌లో నేను చదివిన బడికి ఆయన వచ్చేటప్పటికి మా పిల్లలందరికీ ఒకటే బొమ్మ వచ్చేది. రెండు ముక్కోణపు కొండలు, వాటి మధ్య సగం సూర్యుడు, కిందికి దిగే ఏరు, ఏటి ఒడ్డున గుడిసె, గుడిసె మీదికి వంగిన కొబ్బరిచెట్టు. దాన్ని మేం సీనరీ అనేవాళ్ళం. ఎవరు నేర్పారో తెలియదు. వికారాబాద్ పిల్లలు కొబ్బరిచెట్టును చూసింది ఎప్పుడని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు.

సార్ నా కాయితం చేతిలోకి తీసుకుని, ఒక కన్ను మూసి, చాలాసేపు చూశారు.

"మస్తుగున్నది బిడ్డా. గీ ఊరికి బస్సు ఏడికెళ్ళి పోతది? వికారాబాద్‌ల ఎక్కాల్నా, తాండూర్ల ఎక్కాల్నా?"

నా నోరు అప్పటికే నా మాట వినేది కాదు. "కొడంగల్ బస్సు ఎక్కాలె సార్" అన్నాను.

క్లాసంతా నవ్వింది. సార్ నవ్వలేదు. నన్ను వరండాలోకి తీసుకుపోయి, దూరంగా కనిపించే అనంతగిరి కొండల వైపు బొటనవేలు చాపి, "గది గియ్యి" అన్నారు.

"ఆడ ఏమున్నది సార్, ఒక్క గీతే గద."

"గా గీతనే గియ్యి. గది గియ్యనీకి మనిషికి వేల ఏండ్లు పట్టింది. నీకు ముప్పావు గంట ఇస్తున్న, తక్కువా?"

ఆ ముప్పావు గంటలోనే నేను కొండల చరిత్ర మొదటిసారి విన్నాను. తర్వాత దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. క్లాసులో చెప్పేవారు, పెళ్ళి భోజనాల దగ్గర చెప్పేవారు, రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళు వద్దన్నా చెప్పేవారు. గుహల్లో బతికిన మనిషి ఎద్దును గీశాడు, జింకను గీశాడు, కానీ వాటి కాళ్ళ కింద ఒక్క గడ్డిపోచ గీయలేదు. తర్వాత దేవుళ్ళు, రాజులు వచ్చారు. అప్పుడు కొండను గీశారు గానీ రాజుగారి భుజం వెనక, పెళ్ళి ఫోటోలో ఆఖరి వరుసలో నిలబడ్డ దూరపు చుట్టంలాగా. చైనావాళ్ళు అందరికంటే ముందు తెలుసుకున్నారు. సిరాతో కొండ గీసి, దానికి మంచు కప్పి, మనిషిని చీమంత చేసి ఒక మూల పెట్టారు. మన దక్కన్ నవాబుల చిత్రకారులు తోటలు బ్రహ్మాండంగా వేశారు, కానీ తోట మధ్యలో బేగం సాహెబాను కూర్చోబెట్టకుండా ఉండలేకపోయారు. దొరల దేశాల్లోనూ చాలాకాలం అదే తంతు. మెల్లగా ముందు దేవుడు తప్పుకున్నాడు, తర్వాత రాజు తప్పుకున్నాడు, చివరికి గొర్రెల కాపరి కూడా లేచి వెళ్ళిపోయాడు. రంగులు గొట్టాల్లో నింపి అమ్మడం మొదలయ్యాక చిత్రకారుడు గది వదిలి చేన్లోకి నడిచాడు.

"అప్పుడొచ్చింది బిడ్డా కొండ ముంగటికి. ఇగ దాని ముంగట ఎవడన్న నిలవడితే నేనైతే ఊకోను."

ఊరికే అనడం కాదు, నిజంగానే ఊరుకునేవారు కాదు. తాండూరు పోయే రైల్లో తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళను "జర పక్కకు జరుగుర్రి, కొండ కనవడ్తలేదు" అని జరిపేవారు. టికెట్ చూడ్డానికి వచ్చినాయనను కూడా ముందు జరిపి, తర్వాత టికెట్ చూపించేవారు. ఒకసారి ఎన్నికల ప్రచారానికి వచ్చిన జీపు రోడ్డు మీద ఆగితే, మైకులో మాట్లాడుతున్న నాయకుడిని కూడా అలాగే జరగమన్నారు. ఆయనేమో, ఓటరు ఏదో సమస్య చెప్పుకుంటున్నాడనుకుని జీపు జరిపించి, ఇంకేం కావాలని కూడా అడిగాడు. "ఇంకేం వద్దు, మంచిగ కనవడ్తున్నది" అన్నారట సార్.

బడి వార్షికోత్సవానికి స్టేజీ వెనక పరదా వేయమని హెడ్మాస్టరు చెప్పారు. మధ్యలో సరస్వతీదేవి, వెనక కొండలు ఉండాలన్నారు. సార్ వారం రోజులు తలుపు వేసుకుని పనిచేశారు. పరదా విప్పితే ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కొండలే.

"అమ్మవారేరీ?" అన్నారు హెడ్మాస్టరు.

"కొండకు అవతల ఉన్నది సార్. నడుసుకుంట వస్తున్నది, టైం పడ్తది."

హెడ్మాస్టరు ఇంటి నుంచి సరస్వతి క్యాలెండరు తెప్పించి, పరదా మధ్యలో పిన్నీసుతో గుచ్చారు. ఆ రోజు సార్ అన్నం తినలేదని మాకు తర్వాత తెలిసింది.

ఇదంతా చెప్తుంటే ఆయన సరదా మనిషి అనిపిస్తుంది. సరదా మనిషే. కానీ ఆయనకు లోపల ఒక కోరిక ఉండేది. తాను వేసిన మన ప్రాంతపు బొమ్మ ఒక్కటి, ఒక్క ఇంట్లో, గోడకు ఉండాలి. అంతే. ఎంతోమందికి ఊరికే ఇచ్చారు. ఎవరి ఇంటి గోడ మీదా అది నిలవలేదు. జలపాతమైతే పెట్టుకుంటామనేవారు, మంచు కొండలైతే పెట్టుకుంటామనేవారు. తాండూరులో ఒక బట్టల దుకాణదారు సార్ వేసిన చెరువు బొమ్మ చూసి, వాస్తుకు ఈశాన్యాన పెట్టుకుంటాం, కాకపోతే రెండు హంసల్ని వదలమన్నాడు. సార్ బొమ్మను సైకిల్‌కు కట్టుకుని వెనక్కి తెచ్చేశారు. మా ఆయనకు పప్పుమిల్లు. పెళ్ళయిన కొత్తలో ఈ సంగతి చెబితే ఆయన కూడా, "పొద్దున లేస్తే గా కందులే చూస్తం, గోడకు గూడ గవేనా?" అన్నాడు. అందులో న్యాయం ఉందని అప్పుడు నాకూ అనిపించింది.

మేం తాండూరులో ఇల్లు మొదలుపెట్టినప్పుడు నేనే సార్‌కు మాట ఇచ్చాను. "ముందరి గదిల, గుమ్మం ఎదురుంగ ఉన్న గోడ మీకే సార్. రాంగనే అందరికీ కనవడాలె."

ఆయన ఏడాది తీసుకున్నారు. ఈ నేల బొమ్మ ఈ నేల రాయి మీదే ఉండాలని ఆయనకు పట్టుకుంది. ఇక్కడి నుంచే ఒక బండ తీసుకుపోయారు. ఒకవైపు పాలిష్ పట్టి ఉంది, రంగు పట్టుకోవడానికి గరుకువైపు బొమ్మ వేశారు. తాండూరు బండ వికారాబాద్ పోయి, చదువుకుని, కంబళిలో చుట్టుకుని, ఇద్దరు హమాలీల భుజాల మీద తిరిగి వచ్చింది. మేస్త్రి దాన్ని గోడలో పొదగాలని అనుకున్నాం.

ఇంట్లో అప్పుడు బండలు పరుస్తున్నారు. సార్ కంబళి విప్పి బొమ్మను గోడకు ఆనించి నిలబెట్టారు. నిజం చెప్పాలి కాబట్టి చెప్తున్నాను, అది మామూలు బొమ్మ. చెరువు గీత కొంచెం ఎడమకు ఒరిగింది. కొండలు మూడు మడతలు. ఆకాశంలో ఏమీ లేదు. కానీ కందిచేను మీద ఆ పసుపు ఉంది చూశారూ, మా తాతల చేను గట్టు మీద నిలబడ్డప్పుడు పొద్దున ఎండలో కనిపించే పసుపే. "మంచిగున్నది సార్" అని మాత్రం అనగలిగాను. రైలుకు టైమైందని ఆయన వెళ్ళిపోయారు.

తర్వాత జరిగినదానికి పూర్తి బాధ్యత నాది. సిమెంటు చుక్కలు పడతాయని బొమ్మను నేనే గోడవైపు తిప్పి పెట్టాను. పాలిష్ వైపు బయటికి కనిపిస్తోంది. మేస్త్రికి ఒక్క మాట చెప్పకుండా అన్నానికి పోయి, ఆ పూట మళ్ళీ రాలేదు. ఆయన కర్ణాటకలోని సేడం నుంచి వచ్చిన మనిషి, పనిమంతుడు, ఒక్క నిమిషం ఖాళీగా ఉండడు. గదిలో ఒక్క బండ తక్కువైంది. గోడకు ఆనించి ఒక్క బండ ఉంది. నేను మర్నాడు వచ్చేసరికి అది తన చోట్లో కూర్చుంది, సందులు కూడా పూడ్చేశాడు, సిమెంటు గట్టిపడిపోయింది.

"గొత్తాగలిల్ల అక్కా" అన్నాడు నా ముఖం చూసి, తెలియలేదని. "వెనక రంగులున్నయ్. గనోళ్ళు గుర్తుకు కొట్టిన్రనుకున్న."

తాండూరు గనుల్లో ఎవరి బండలు వాళ్ళు గుర్తుపట్టడానికి రంగు గీతలు కొడతారు. ఆ మనిషి జీవితమంతా చూసిన రంగు గీతలు అవే. ఇంత రంగు కొట్టారంటే గనివాళ్ళు చాలా పెద్దవాళ్ళయి ఉంటారనుకున్నాడట. ఇప్పుడు లేపితే రెండు ముక్కలవుతుందనీ, రంగంతా సిమెంటుకే అంటుకుంటుందనీ చెప్పాడు. నేను మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఆయన ఏం చేయాలో తెలియక నాకు చాయ్ తెప్పించాడు.

గృహప్రవేశం నాడు సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. ఎదురుగోడ మీద మా చుట్టాలు ఇచ్చిన కరెంటు జలపాతం ఉంది. స్విచ్చి వేస్తే నీళ్ళు పారతాయి, పిట్టలు కూస్తాయి. మా మామగారు సంతోషం పట్టలేక పొద్దుటి నుంచీ దాన్ని ఆపలేదు. సార్ దాని ముందు నిలబడి చాలాసేపు చూశారు.

"కొబ్బరిచెట్టు గూడ ఉన్నది" అన్నారు మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, "మనది ఏది బిడ్డా?"

నేను వారం రోజులుగా పాఠంలా చదువుకున్న మాటలన్నీ మరిచిపోయాను. వేలితో కిందికి చూపించాను. ఆయన సరిగ్గా దాని మీదే నిలబడి ఉన్నారు.

జరిగిందంతా చెప్పాను. ఆయన చటుక్కున ఒక అడుగు పక్కకు వేసి, వంగి ఆ బండను చూశారు. చుట్టూ నలభైమంది చుట్టాలు. పిట్టలు కూస్తున్నాయి.

"ఆకాశం ఏ దిక్కున్నది?" అన్నారు.

బట్టలు పెట్టడానికి పిలిచిన మేస్త్రి అక్కడే ఉన్నాడు. చేతులు కట్టుకుని ఆలోచించి, "నీలం వంటింటి దిక్కు, పసుపు వాకిలి దిక్కు" అన్నాడు.

సార్ గుమ్మం వైపు చూశారు, వంటింటి వైపు చూశారు. ముఖం కొంచెం తేటపడింది. "అయితే సరిగనే ఉన్నది. వచ్చేటోళ్ళు ముందుగాల చేన్లకెళ్ళి వస్తరు, ఆ తర్వాత చెరువు." అంతలో పళ్ళెం పట్టుకుని వస్తున్న మా అత్తగారిని రెండు చేతులూ అడ్డం పెట్టి ఆపారు. "జర పక్కకు జరుగుర్రి అమ్మా, చేను పూత మీదున్నది."

మా అత్తగారు ఎందుకో ఏమిటో అడక్కుండా జరిగింది. ఆ రోజు జరిగినవాళ్ళం ఇప్పటికీ జరుగుతూనే ఉన్నాం.

తర్వాత ఏడాదికి రెండు మూడుసార్లు ఆయన వచ్చేవారు. ఆ బండ పక్కన కుర్చీ వేయించుకుని, ఇంట్లో ఎవరుంటే వాళ్ళకు బొమ్మ చూపించేవారు. మొదటిసారి వచ్చినప్పుడు చెరువు మీద మూడు కొంగలు వాలాయి.

"కొంగలు లేవు సార్. నేను చూసిన."

"నువ్వు పరేషాన్ల ఉన్నవ్ బిడ్డా గా దినం. సరిగ చూడలె."

మరుసటి ఏడు కొండ మీద వానమబ్బు పట్టింది. ఇంకో ఏడు గట్టు మీద మోదుగుచెట్టు ఎర్రగా పూసింది. అప్పుడు మా ఆయన ఊరుకోలేదు. కందుల సంగతి ఆయన ముందా!

"కంది పూత చలికాలం ముంగట గద సార్. మోదుగు ఎండలు మొదలైనంక పూస్తది. రెండూ ఒక్కపారే ఎట్ల పూసినయ్?"

"సిమెంట్ల ఉన్నయ్ గద, కాలం వాటికెట్ల తెలుస్తది?" అన్నారు సార్.

అదిగో, ఆ రోజుతో మా ఆయన కూడా ఆయన మనిషైపోయాడు. ఒకసారి వికారాబాద్ నుంచి వస్తూ కోట్‌పల్లి కట్ట దగ్గర బండి ఆపి, అరగంట నిలబడి వచ్చాడు. "సార్ చెప్పినట్టే ఉన్నది" అన్నాడు. అప్పటినుంచి మిల్లుకొచ్చిన రైతులకు, కమీషన్ ఏజెంట్లకు ఆయనే బండ పక్కన నిలబడి చెప్పేవాడు. ఒక్క విషయంలో మాత్రం సార్ పట్టు వదల్లేదు. ఓ రైతు విని విని, ఇంత చేను ఉంటే కావలి మనిషి లేకుండా ఎట్ల అన్నాడు. సార్‌కు కోపమొచ్చింది. "మనిషొచ్చిండంటే అందరు మనిషినే చూస్తరు. కొండ మళ్ళ ఎనకకు పోతది. వేల ఏండ్లు పట్టింది దాన్ని ముంగటికి తేనీకి, ఎరుకేనా!" అని లేచి నిలబడ్డారు. ఆ రైతు పాపం, చేను తనదే అయినట్టు క్షమాపణ చెప్పుకున్నాడు.

బోర్లా పడ్డ బొమ్మను ఆయన అలా నవ్వులాట చేశారు కదా, బాధ తీరిపోయిందనే నేననుకున్నాను. నా తప్పును నేనే మాఫీ చేసుకున్నాను కూడా.

పోయిన నెల వాళ్ళింటికి పలకరించడానికి వెళ్ళాను. ఆయన భార్య నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, గడప దాటి ఎన్నో ఏళ్ళయింది, మా ఇంటికి ఎప్పుడూ రాలేదు.

"మీ ఇంట్లున్న బొమ్మనే అన్నిట్ల పెద్దది గద బిడ్డా? ఎనిమిదడుగులట. గుమ్మం ఎదురుంగ గోడకు పెట్టి, పైన లైటు గూడ పెట్టిచ్చిన్రట. మస్తు చెప్పేటోడు. ఒక్కపారి చూడాలె అనుకున్న."

ఇన్నేళ్ళూ మా ఇంట్లో నేల మీది బొమ్మ గురించి నవ్వించి, ఈ ఇంటికొచ్చి దాన్ని గోడ మీద పెట్టుకున్నాడు మనిషి. లైటు కూడా తానే పెట్టుకున్నాడు. "అవునమ్మా, ఎనిమిదడుగులు" అన్నాను. ఆ ఒక్క అబద్ధం చెప్పినందుకు నాకు ఏ విచారమూ లేదు.

ఈ వారం మా ఇంట్లో టైల్స్ వేయిస్తున్నాం. పాత బండలు అక్కడక్కడా కుంగాయి. మా ఆయన ముందే చెప్పాడు, "అన్నిటికంటె ముందుగాల గా బండ లేపిద్దాం. ఎట్లున్నా సరే గోడకు పెడదాం. సార్ కోరిక గదే గద." జలపాతం ఎప్పుడో పాడైంది, ఎదురుగోడ ఖాళీగానే ఉంది. నేను సరేనన్నాను. ఆ ఆశతో రెండు రోజులు సరిగా అన్నం కూడా తినలేదు.

కొత్త మేస్త్రి పరిగి నుంచి వచ్చాడు, బండ కథ తెలియనివాడు. ఉలి పిడితో దాని నాలుగు మూలలూ కొట్టి చెవి పెట్టి విన్నాడు. మిగతా బండలు డొల్లగా మోగాయి, ఇది మోగలేదు.

"గట్టిగ పట్టుకున్నది అక్కా. లేపితే ముక్కలే. కింది పెచ్చు గూడ రాదు, సిమెంటుకే ఉంటది. లేపాల్నా?"

మా ఆయన నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను, బండ వైపు చూశాను. లేపితే మాకు దొరికేది పగిలిన రాయి. లేపకపోతే కొంగలుంటాయి, వానమబ్బు ఉంటుంది, కాలం తెలియని మోదుగుచెట్టు ఉంటుంది. సార్ పెట్టుకున్న గోడ వికారాబాద్‌లో ఉంది, దాన్ని నేను కట్టలేను. ఆ మాట అనుకోగానే కళ్ళు నిండాయి.

"ఉండనీయి. చుట్టూర టైల్స్ వెయ్యి" అన్నాను.

"గీడ ఒక్కటి పాతది, చుట్టూర కొత్తవి. మంచిగుండదక్కా. ఏమున్నది కింద అసలు?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ఎనిమిదడుగుల బొమ్మ అన్నాను. వాకిలి దిక్కు కందిచేను, పూత మీద ఉంది, అటు చెరువు, మూడు కొంగలు, గట్టు మీద మోదుగుచెట్టు, కొండ మీద వాన పట్టింది. మేస్త్రి ఉలి పక్కన పెట్టి, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, బండనే చూస్తూ విన్నాడు.

"అంత చేన్ల మనిషే లేడా అక్కా?"

లేడు అనాలి. సార్ ఉంటే ఈపాటికి లేచి నిలబడేవారు.

"ఒకాయన ఉన్నడు" అన్నాను. "ఇస్త్రీ అంగి ఏసుకున్నడు. సైకిల్ పక్కకు పెట్టి, కట్ట మీద ఒక కన్ను మూసి చూస్తున్నడు."

"గట్లయితే కొండకు అడ్డమైతడు గద?"

"కాడు. జర పక్కకు జరిగి నిలవడ్డడు."